రాత్రికి రాత్రే తవ్వేసిన రన్‌వే: షికాగో మెగ్స్ ఫీల్డ్ మీద తిరుపతి వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సిమ్యులేటర్ ఆడే కుర్రాళ్లు, పిల్లల్ని పైలట్ కోర్సుకి పంపాలా వద్దా అని లెక్కలు వేసుకునే తల్లిదండ్రులు, కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో షికాగో పోయొచ్చే పెద్దవాళ్లు. వీళ్లంతా తలా ఒక దారిన వచ్చి అడిగేది మాత్రం ఒకే విమానాశ్రయం గురించి. అవే అనుమానాలకు ఫోన్లో మళ్లీ మళ్లీ జవాబు చెప్పే బదులు అన్నీ ఒక చోట పెడుతున్నాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికే నేరుగా పోండి.

## ముందు కథ

అన్నా, ఈ మెగ్స్ ఫీల్డ్ ఎక్కడ? దానికి అంత పేరెందుకు?

షికాగో నగరం అంచున, మిషిగన్ సరస్సులోకి చొచ్చుకుపోయిన నార్తర్లీ ఐలాండ్ మీద ఉండేది. పేరుకి ఐలాండ్ గానీ సరస్సును పూడ్చి మనుషులు కట్టిన నేల అది. 1948 డిసెంబర్‌లో విమానాశ్రయం మొదలైంది. పత్రికాధిపతి, విమానయానం అంటే ప్రాణం పెట్టే మెరిల్ సి. మెగ్స్ పేరును ఆ మరుసటి ఏడాది పెట్టారు. ఒకే రన్‌వే ఉన్న విమానాశ్రయాల్లో అమెరికా మొత్తానికీ ఇదే బాగా రద్దీ అని 1955లో లెక్క తేలింది. ప్రపంచమంతా పేరు పాకడానికి కారణం మాత్రం మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. ఆ ఆట పాత వెర్షన్లు తెరవగానే సెస్నా అనే చిన్న విమానం నిలబడి కనిపించేది ఈ రన్‌వే మీదే. షికాగో మొహం చూడని వాళ్లకు కూడా ఎడమ చేతి పక్క మేడలు, కుడి పక్క నీళ్లు కంఠతా వచ్చు.

రన్‌వే ఎంత పొడవు? రేణిగుంటకి వచ్చే విమానాలు అక్కడ దిగుతాయా?

దాదాపు 3,900 అడుగులు, అంటే 1,200 మీటర్లకు కాస్త తక్కువ. మనకు వచ్చే ఎయిర్‌బస్ 320లకు, బోయింగ్ 737లకు అది చాలదు. చిన్న ప్రొపెల్లర్ విమానాలు, కొన్ని చిన్న బిజినెస్ జెట్లు, హెలికాప్టర్లు వచ్చిపోయేవి. దిశ ఉత్తర దక్షిణాలు: ఉత్తరానికి (360 డిగ్రీలు) లేచే దక్షిణం కొస పేరు 36, దక్షిణానికి (180 డిగ్రీలు) లేచే ఉత్తరం కొస పేరు 18. ఉత్తరం కొస దాటితే యాడ్లర్ ప్లానిటోరియం.

అక్కడ దిగేది డబ్బున్నవాళ్లే కదా? సామాన్యులకి దాంతో పనేంటి?

సగం నిజం. సొంత విమానాలున్న వ్యాపారులు, లాయర్లు దిగి పది నిమిషాల్లో ఆఫీసుకు చేరుకునేవాళ్లు. రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి అధికారులు, ప్రజాప్రతినిధులు వచ్చేవాళ్లు. వైద్య అవసరాల విమానాలు, హెలికాప్టర్లు కూడా వాడుకునేవి. అయినా టికెట్టు కొని ఎక్కే జనానికి అది అక్కరలేని చోటే. అందుకే తవ్వేసినప్పుడు ఊరు ఊరంతా రోడ్డెక్కలేదు. పైలట్లు ఈ సంగతిని తేలిగ్గా తీసుకున్నారని నా అభిప్రాయం. ఊళ్లో పదిమందికి పనికొచ్చేదని ముందునుంచీ చూపించుకోని విమానాశ్రయానికి, గండం వచ్చినప్పుడు అండగా నిలిచేవాళ్లు దొరకరు.

ఊరి నడిబొడ్డున అంత స్థలం. అసలు ఆ భూమి ఎవరిది?

మొత్తం కథకు కీలకం ఇదే, కానీ అడిగేవాళ్లే తక్కువ. నేల షికాగో పార్క్ డిస్ట్రిక్ట్‌ది, అంటే పార్కుల శాఖది. నగరపాలక సంస్థ దాన్ని లీజుకు తీసుకుని విమానాశ్రయం నడిపింది. సరస్సు ఒడ్డంతా జనానికి పార్కులుగా ఉండాలని డేనియల్ బర్న్‌హామ్ 1909లోనే నగరానికి ప్లాను గీసిచ్చాడు. ఆ ప్లానులోని దీవుల్లో కట్టింది ఈ ఒక్కటే. 1933, 34లో ప్రపంచ ప్రదర్శన జరిగిందీ ఇక్కడే. పార్కు కోసం పుట్టిన నేల మీద విమానాశ్రయం కొన్నాళ్లు కాపురం చేసిందన్నమాట.

1996లో లీజు తీరింది. పార్క్ డిస్ట్రిక్ట్ బోర్డును నియమించేది కూడా నగర మేయరే. అద్దెకిచ్చినవాడు, అద్దెకున్నవాడు ఇద్దరూ మేయరు చెప్పుచేతల్లోనే ఉంటే లీజు పొడిగించమని పట్టుబట్టేది ఎవరు? కౌలు భూమిలో మామిడి తోట వేస్తే ఏమవుతుందో మన చిత్తూరు రైతుకి చెప్పక్కర్లేదు. చెట్లు ఎంత కాపుకొచ్చినా గడువు తీరిన రోజు నేల ఎవరిదో వాళ్లదే.

ముందు ఏ సూచనా లేకుండానే మూసేశారా?

సూచనలకేం తక్కువ, లేనిదల్లా నోటీసు. మేయర్ రిచర్డ్ ఎం. డేలీ 1990ల నడుమనుంచే అక్కడ పార్కు కావాలంటున్నారు. లీజు తీరగానే 1996 సెప్టెంబర్ ఆఖరున ఒకసారి మూసేశారు కూడా. ఇల్లినాయి రాష్ట్ర ప్రభుత్వం అడ్డుపడింది. రాజీ కుదిరి 1997 మొదట్లో మళ్లీ తెరిచారు, ఐదేళ్లపాటు నడపాలన్నది ఒప్పందం. 2001లో గవర్నర్ జార్జ్ ర్యాన్‌కీ మేయరుకీ మధ్య మరో పెద్ద ఒప్పందం జరిగింది. షికాగోలోని పెద్ద విమానాశ్రయం ఓహేర్ విస్తరణకు రాష్ట్రం ఒప్పుకోవాలి, బదులుగా మెగ్స్‌ని 2026 దాకా నడపాలి. దానికి చట్టబద్ధత తేవాల్సిన బిల్లు అమెరికా సెనేట్ గడప దాటలేదు. పైలట్లేమో 2026 దాకా ఢోకా లేదనుకున్నారు. మేయరు మటుకు బిల్లు పాస్ కాలేదు కాబట్టి మాట కూడా లేనట్టే అనుకున్నారు.

## ఆ రాత్రి

బుల్డోజర్లు రాత్రిపూట వచ్చాయంట, నిజమేనా?

నిజం. 2003 మార్చి 30, ఆదివారం రాత్రి. పోలీసు కాపలాతో యంత్రాలు లోపలికి వెళ్లాయి. అర్ధరాత్రి దాటాక సుమారు ఒకటిన్నరకి రన్‌వే తవ్వడం మొదలైంది. అప్పుడు మనకిక్కడ సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట. తెల్లవారేసరికి రన్‌వే పొడవునా పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు, తారు పెళ్లలు లేచి, లోపలి కంకర బయటపడి కనిపించాయి. విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకి గానీ, అక్కడ విమానాలు పెట్టుకున్న యజమానులకు గానీ ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. అటు వస్తున్న ఒక విమానాన్ని కంట్రోలర్లు వేరే చోటికి మళ్లించాల్సి వచ్చింది.

రన్‌వే మొత్తం తవ్వకుండా ఇంటూ గుర్తులే ఎందుకు పెట్టారు?

పైలట్ భాషలో రన్‌వే మీద ఇంటూ గుర్తు అంటే "ఇక్కడ దిగొద్దు, మూసేశాం" అని. అంతర్జాతీయ నియమాల ప్రకారం మూసిన రన్‌వే మీద తెల్ల రంగుతో, మూసిన టాక్సీవే మీద పసుపు రంగుతో వేస్తారు. అమెరికాలో రన్‌వే మీద కూడా పసుపే. మామూలుగా అది రంగుతోనో, గుడ్డ పరిచో పెట్టే గుర్తు, పనయ్యాక తీసేయొచ్చు. షికాగోలో ఆ గుర్తునే గొయ్యిగా తవ్వారు. పైనుంచి చూస్తే మూసేసినట్టు తెలుస్తుంది, కిందేమో మరమ్మతు చేసి రేపే తెరుద్దామంటే కుదరదు. అందులోనూ ఒక వెటకారం ఉంది. పైలట్లను ఆ రాత్రి నుంచీ కుదిపేసింది విమానాశ్రయం పోవడం కంటే ఆ గుర్తులను అలా వాడుకోవడమేనని నాకనిపిస్తుంది.

అక్కడ నిలిపి ఉన్న విమానాల గతి ఏమైంది?

16 విమానాలు చిక్కుబడిపోయాయి. రన్‌వే లేదు, మూడు వైపులా నీళ్లు. చివరికి ఎఫ్‌ఏఏ అనుమతితో టాక్సీవే మీదనుంచే లేపుకుపోయారు. టాక్సీవే అంటే విమానం రన్‌వే దాకా నడిచే దారి, మెగ్స్‌లో అది సుమారు 3,000 అడుగులు ఉండేది. నాలుగు సీట్ల సెస్నా 172 సాధారణ వాతావరణంలో నేల వదలడానికి వెయ్యి అడుగుల లోపే చాలు. కాబట్టి పొడవుతో చిక్కు లేదు. చిక్కల్లా వెడల్పుతోనే. రన్‌వే వెడల్పు 150 అడుగులు, టాక్సీవే అందులో చిన్న వంతు. పక్కగాలి ఒక్కసారి తోస్తే సర్దుకోవడానికి చోటుండదు. అదే పనిని మే నెలలో మన రేణిగుంట ఎండలో చేయాలంటే ఇంకా ఎక్కువ పరుగు కావాలి. వేడికి గాలి పలచబడుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది, రెక్క ఎత్తే శక్తీ తగ్గుతుంది.

మేయరు చెప్పిన కారణం ఏంటి? అది నమ్మే మాటేనా?

భద్రత. 2001 సెప్టెంబర్ 11 తర్వాత నగర మేడలకు అంత దగ్గర్లో చిన్న విమానాలు తిరగడం ప్రమాదమన్నారు. భయం ఊరికే పుట్టలేదు. 2002 జనవరిలో ఫ్లోరిడాలోని టాంపాలో ఓ కుర్రాడు సెస్నాతో పోయి బ్యాంకు భవనాన్ని గుద్దాడు. ఏప్రిల్‌లో ఇటలీలోని మిలాన్‌లో ఒక చిన్న విమానం పిరెల్లీ భవనానికి తగిలింది. జనం మనసులో ఆ బొమ్మలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

కానీ టాంపా విమానం లేచింది ఆ భవనం పక్కనుంచి కాదు, సముద్రపు పాయకు అవతలున్న విమానాశ్రయం నుంచి. గుద్దాలనుకున్నవాడికి రన్‌వే పక్కనే ఉండాల్సిన అవసరం లేదు. పైగా మెగ్స్ కంట్రోల్ టవర్ ఉన్నన్నాళ్లూ ఆ చుట్టుపక్కల ఎగిరే ప్రతి పైలటూ రేడియోలో పలకరించాలి. టవర్ పోయాక ఆ పట్టింపూ పోయింది. ఇదే పైలట్ల వాదన, నాకు సబబుగానే తోచింది. రాత్రిపూట ఎందుకు చేశారంటే, మరోలా చేస్తే అనవసరపు రభస అయ్యేదన్న అర్థంలో మేయరే చెప్పారు. పార్కు కోరిక భద్రత భయం కంటే చాలా ఏళ్లు ముందుది. దాన్ని పక్కన పెట్టి కారణాన్ని మాత్రమే నమ్మమంటే కష్టం.

## పైలట్లు, కోర్టులు, జరిమానా

పైలట్లకి అంత కోపమెందుకు? షికాగోలో వేరే విమానాశ్రయాలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. ఓహేర్, మిడ్‌వే రెండూ పెద్దవి, చుట్టూ చిన్నవీ ఉన్నాయి. దిగే చోటు లేక కాదు వాళ్ల కోపం. పైలట్ ప్రతి ప్రయాణాన్నీ కాగితం మీద ఉన్న సమాచారాన్ని నమ్మి మొదలుపెడతాడు. మ్యాపులో రన్‌వే ఉంది, మూసినట్టు నోటీసు లేదు అంటే, అక్కడికి చేరేసరికి రన్‌వే ఉంటుందన్నమాట. ఆ నమ్మకం మీదే ఇంధనం లెక్క వేస్తాడు. సరస్సు మీద ఇంజన్ మొరాయిస్తే, ఉన్నట్టుండి మబ్బు కమ్మితే ఎటు తిరగాలో ముందే అనుకుని పెట్టుకుంటాడు. ఆ నమ్మకాన్ని ప్రభుత్వమే రాత్రిపూట తవ్వేస్తే, రేపు ఇంకో ఊళ్లో ఇంకో మేయరు చేయడని హామీ ఏది? అమెరికా పైలట్ల, విమాన యజమానుల సంఘం ఏఓపీఏకి అప్పట్లో దాదాపు 4 లక్షల మంది సభ్యులు. వాళ్లలో మెగ్స్‌లో ఒక్కసారైనా దిగినవాళ్లు ఎందరుంటారు? కోపం మాత్రం అందరిదీ.

ధర్నాలు, సమ్మెలు ఏమైనా చేశారా?

మన పద్ధతిలో కాదు. ఏఓపీఏ అధ్యక్షుడు ఫిల్ బోయర్ గట్టిగా విమర్శించారు, సంఘం వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల వెంట పడింది. ఫ్రెండ్స్ ఆఫ్ మెగ్స్ ఫీల్డ్ అనే స్థానిక బృందం కోర్టులకు వెళ్లింది. ఈ బృందం వట్టి వద్దు వద్దు అనే రకం కాదు. రన్‌వే ఉంచుతూనే మిగతా నేలను పార్కు చేయొచ్చని ప్లాను తయారుచేసింది. మంచి ఆలోచనే, కాకపోతే గట్టిగా వినిపించేసరికి ఆలస్యమైంది.

మేయరుకి శిక్ష పడిందా?

లేదు. జైలూ లేదు, పదవీ పోలేదు. డేలీ 2011 దాకా మేయరుగానే ఉన్నారు. కేసులు నడిచాయి గానీ విమానాశ్రయం తిరిగి రాలేదు. మెగ్స్ అప్పటికే కేంద్ర గ్రాంటుల షరతుల నుంచి బయటపడిపోయింది. గ్రాంటు తీసుకుంటే 20 ఏళ్లు నడపాలన్న నియమం ఉంటుంది, ఆ గడువు తీరింది. మూసే హక్కు నగరానికి లేదని చెప్పడానికి గట్టి ఆధారం మిగల్లేదు. మూత విషయంలో చట్టానికి దొరికిన తప్పు ఒక్కటే, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోవడం.

జరిమానా 33 వేల డాలర్లేనా? అంత పెద్ద నగరానికి అదొక లెక్కా?

అంతే. రోజుకి 1,100 డాలర్లు చొప్పున 30 రోజులకి 33,000. చట్టం వేయనిచ్చిన గరిష్ఠం అది. నగరం పోట్లాడి పోట్లాడి 2006 సెప్టెంబర్‌లో కట్టడానికి ఒప్పుకుంది, అప్పటి మారకంలో సుమారు 15 లక్షల రూపాయలు. దాంతోపాటు, విమానాశ్రయాల కోసం ఉన్న నిధులను కూల్చివేతకు వాడారన్న వివాదంలో 10 లక్షల డాలర్లు వెనక్కి జమ చేసింది.

పైలట్లు సాధించుకున్న అసలు ఫలితం వేరే ఉంది. 2003లోనే అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చి ఆ జరిమానాను రోజుకి 10,000 డాలర్లకు పెంచింది. మెగ్స్ వారసత్వ నిబంధన అని దాన్ని పైలట్లు పిలుచుకుంటారు. ఆ లెక్కన 30 రోజులకి 3 లక్షల డాలర్లు. ఒక మహానగరానికి ఇదీ పెద్ద మొత్తం కాదని మీరంటే కాదనను.

మిగతా చిన్న విమానాశ్రయాలకు కూడా ఇదే గతా?

మూసేవి మూస్తూనే ఉన్నారు, కాకపోతే పద్ధతిగా. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో నగరానికీ ఎఫ్‌ఏఏకీ 2017లో ఒప్పందం కుదిరింది. రన్‌వేను 3,500 అడుగులకు కుదించారు, 2028 డిసెంబర్ 31 తర్వాత మూసుకోవచ్చు. జర్మనీలో బెర్లిన్ టెంపెల్‌హాఫ్‌ని 2008 అక్టోబర్‌లో ముందే తేదీ చెప్పి మూశారు. పైలట్లు ఏడ్చారేమో గానీ ముందే తెలియలేదని ఎవరూ అనలేరు.

## మన దగ్గర

సార్, రేణిగుంటని కూడా ఇలా ఒక్క రాత్రిలో మూసేయగలరా?

ఆ పద్ధతిలో కుదరదు. రేణిగుంట విమానాశ్రయాన్ని నడిపేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా (ఏఏఐ), అంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ. లైసెన్సు, నియంత్రణ కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏవి. తిరుపతి మునిసిపల్ కార్పొరేషన్‌కి రన్‌వే మీద ఏ అధికారమూ లేదు. షికాగోలో నేల, విమానాశ్రయం, యంత్రాలు, పోలీసులు అన్నీ ఒకే మేయరు కింద ఉన్నాయి, ఇక్కడ లేవు. 2015 అక్టోబర్‌లో కొత్త టెర్మినల్ వచ్చింది, తర్వాత రన్‌వే పొడిగింపు పనులు జరిగాయి. పెరుగుతున్న విమానాశ్రయం అది, దాని గురించి నిద్ర చెడగొట్టుకోకండి.

ఇక కొన్ని గంటలపాటు ఉన్నట్టుండి మూయడం ఎక్కడైనా మామూలే. రన్‌వే మీద టైరు పేలి విమానం నిలిచిపోయినా, కుక్కలో పందులో లోపలికి దూరినా, మరమ్మతు ఉన్నా నోటీసు వేసి ఆపుతారు.

బేగంపేటని కూడా ఇలాగే మూసేశారు కదా?

తేడా చాలా ఉంది. శంషాబాద్ 2008 మార్చి 23న మొదలైంది, అదే రోజు నుంచి బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగాయి. అది ఏళ్ల ముందే ఒప్పందంలో రాసుకున్న సంగతి. కొత్త విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు పోటీ ఉండకూడదన్న షరతు దానిది, వరంగల్ మామునూరుకి ఏళ్ల తరబడి అడ్డుపడ్డదీ అదే. బేగంపేట మూత మీద ఆ మార్చిలో ఏఏఐ ఉద్యోగులు దేశమంతా సమ్మె చేశారు. ఎదురు చెప్పడానికి వాళ్లకు సమయం దొరికింది, షికాగో పైలట్లకు దొరకనిది ఆ సమయమే. పైగా బేగంపేట రన్‌వే ఇప్పటికీ ఉంది. వైమానిక దళం, వీఐపీలు, శిక్షణ విమానాలు వాడుతూనే ఉన్నాయి.

తిరుమల కొండ మీదుగా విమానాలు పోకూడదంటున్నారు. అది జరిగితే రేణిగుంట మూసేస్తారా?

రెండింటినీ కలపకండి. ఆగమశాస్త్రం ప్రకారం ఆలయం మీదుగా విమానాలు పోకూడదని, ఆ ఆకాశాన్ని నిషిద్ధ ప్రాంతం చేయమని టీటీడీ కేంద్రాన్ని కోరుతోంది. అడుగుతున్నది ఆకాశం గురించి, నేల మీది రన్‌వే గురించి కాదు. రేణిగుంట ఊరికి తూర్పున, కొండలు పడమర, వాయవ్యం వైపు. దారులు కాస్త మలిస్తే రెండూ సాగుతాయి. షికాగోలో తిరకాసు ఇక్కడే జరిగింది. ఆకాశం గురించి భయమని చెప్పి నేలను తవ్వారు. ఆకాశం అలాగే మిగిలింది.

నా విమానం గాల్లో ఉండగా రేణిగుంట రన్‌వే మూసేస్తే ఏమవుతుంది?

చెన్నైకో బెంగళూరుకో మళ్లిస్తారు. ప్రతి విమానమూ గమ్యానికి సరిపోయే ఇంధనంతో పాటు, అక్కడ దిగలేకపోతే ప్రత్యామ్నాయానికి చేరడానికి, ఆపైన ఇంకో అరగంట తిరగడానికి సరిపడా మోసుకునే బయల్దేరుతుంది. కాబట్టి కంగారు పడొద్దు. టికెట్ సంగతికొస్తే, విమానం రద్దయితే డబ్బు వాపసు గానీ వేరే విమానం గానీ కోరే హక్కు మీది. కారణం ఎయిర్‌లైన్ చేతిలో లేనిదైతే నష్టపరిహారం మాత్రం రాదు. దర్శనం టికెట్ టైము దాటిపోయిందని ఎయిర్‌లైన్ కౌంటర్లో ఎంత అరిచినా లాభం లేదు.

## పైలట్ కావాలనుకునే పిల్లలకు

ట్రైనింగ్ మధ్యలో ఫ్లయింగ్ స్కూల్ ఎయిర్‌ఫీల్డ్ మూతపడితే మా వాడి గంటలు పోతాయా?

పోవు. ఎగిరిన గంటలు లాగ్‌బుక్‌లో రాసి, సంతకాలు సక్రమంగా ఉంటే అవి మీ వాడివే. కమర్షియల్ లైసెన్సుకి కావాల్సిన 200 గంటల్లో లెక్కకొస్తాయి. పోయేది కాలం, కట్టేసిన ఫీజు. అందుకని చేర్చే ముందు విమానాలెన్ని, హాస్టల్ ఎలా ఉంది అని అడగడంతో ఆపకండి. ఎయిర్‌ఫీల్డ్ నేల ఎవరిది, స్కూలుకి ఏ హక్కు మీద వాడుకోనిస్తున్నారు, గడువు ఎప్పటిదాకా, అది ఆగితే ఎక్కడికి మారతారు అని అడగండి. జవాబు కాగితం మీద చూపించమనండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే గంటల లెక్కన విడతలుగా కడతామని చెప్పండి. ఇంటి స్థలం కొనేటప్పుడు ఈసీ తీయించే తండ్రి, అంతకంటే ఎక్కువ డబ్బు పెట్టే చోట భూమి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకపోవడం నాకెప్పుడూ వింతే.

నోటామ్ అంటే ఏంటి? దాన్ని ఎలా చదవాలి?

రన్‌వే మూత, లైట్లు పనిచేయకపోవడం, క్రేను నిలబెట్టడం వంటి తాజా మార్పులను పైలట్లకు తెలిపే నోటీసు నోటామ్. మన దేశంలో ఏఏఐ జారీచేస్తుంది. ముందే అనుకున్న శాశ్వత మార్పులైతే 28 రోజుల చక్రం ప్రకారం ముందుగా ప్రచురిస్తారు. ఎగిరే ముందు చదవకపోవడం తప్పు, చదివి సరిగా అర్థం చేసుకోకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. కొత్తవాళ్లు పొరబడేది ఎక్కువగా సమయం దగ్గర. ఉదాహరణకి మూత మొదలయ్యే సమయం 2604101730 అని ఉంటే 2026 ఏప్రిల్ 10, 17 గంటల 30 నిమిషాలు. అది ప్రపంచ కాలమానం, ఐదున్నర గంటలు కలుపుకుంటే మనకు రాత్రి 11. సాయంత్రం ఐదున్నర అనుకున్నారంటే తెరిచున్న రన్‌వేని మూసి ఉందనుకుంటారు. ముగింపు సమయంలో అదే పొరపాటు చేస్తే ఇంకా పని జరుగుతున్న రన్‌వే మీదికి దిగబోతారు.

## సిమ్యులేటర్, షికాగో ప్రయాణం

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మెగ్స్‌ని ఎందుకు తీసేశారు?

నిజంగా లేదు కాబట్టి. రన్‌వే తవ్విన కొన్ని నెలలకే వచ్చిన 2004 వెర్షన్‌లో మెగ్స్ ఉంది గానీ ఆట మొదలయ్యే చోటు మారిపోయింది. ఆ తర్వాతి వెర్షన్‌లో తీసేశారు. 2022లో 40వ వార్షికోత్సవ ఎడిషన్‌లో మైక్రోసాఫ్టే దాన్ని మళ్లీ చేర్చింది. మెగ్స్ లేని వెర్షన్లకు అభిమానులు, సీనరీ తయారీదారులు చేసిన యాడ్-ఆన్‌లు దొరుకుతాయి, వేసుకుంటే పాత రన్‌వే తిరిగొస్తుంది. 36 కొసనుంచి లేచి, ప్లానిటోరియం దాటాక కుడికి నీళ్ల మీదకి తిరగండి. ఎడమకి తిరిగితే మేడలు.

మా అమ్మాయి షికాగో దగ్గర ఉంటుంది. ఆ చోటు చూడొచ్చా?

చూడొచ్చు, ఇప్పుడది అందరికీ తెరిచిన పార్కు. గడ్డి మైదానాలు, నడక దారులు, వేసవిలో కచేరీలు జరిగే వేదిక ఉన్నాయి. పాత టెర్మినల్ భవనం అలాగే నిలిచింది. అరోరాలోని బాలాజీ గుడికి పోయే మనవాళ్లు ఆ రోజే ఇదీ కలుపుకోవాలని చూస్తుంటారు గానీ, గుడి నగరానికి పడమర 60 కిలోమీటర్ల పైనే, ఇదేమో సరస్సు ఒడ్డున. వేరే రోజు పెట్టుకోండి. ప్లానిటోరియం పక్కనే ఉంది, పిల్లలుంటే ముందు అక్కడికి తీసుకెళ్లి సాయంత్రం పార్కులో నడవండి. సరస్సు గాలి జూన్‌లో కూడా చలిగానే ఉంటుంది, పెద్దవాళ్లకి స్వెట్టర్ పెట్టండి.